గడ్డిలో దొరికిన ఈస్టు

మా ఇంట్లో వైన్ అనే మాటను ఆరేళ్ళ పాటు ఎవరూ పలకలేదు. నేను పీహెచ్‌డీ చేసింది మామిడిపండ్ల వైన్ మీద. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ వైన్‌ని పులియబెట్టే ఈస్టు మీద. మా నాన్న హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక గుళ్ళో అర్చకులు. గుడికొచ్చినవాళ్ళు ఎవరైనా "మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగితే మా అమ్మ తడుముకోకుండా "పండ్ల మీద రీసెర్చ్ అండి" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. నిజం సగం చెప్పి ఆగిపోవడం మా ఇంట్లో అందరికీ బాగా వచ్చు. నాకు మరీ బాగా వచ్చు.

ల్యాబ్ అనగానే గొప్పగా ఊహించుకోవద్దు. నూజివీడు వెళ్ళే రోడ్డు మీద ఒక ప్రైవేటు కాలేజీ, దాని వెనకవైపు రెండు గదులు. ఒక గదిలో ఏసీ ఉండేది, రెండో గదిలో నేను ఉండేదాన్ని. ఆ ఏసీ పెట్టింది మిషన్ల కోసం. మే నెలలో కిటికీ తెరిస్తే వడగాలి, మూస్తే పులిసిన వాసన. కిటికీ అవతల నుంచే మామిడి తోటలు మొదలవుతాయి గానీ నేను ఆ తోటల్లోకి వెళ్ళింది చాలా తక్కువ. పొద్దున తొమ్మిదికి లోపలికి వెళ్తే సాయంత్రం అయిదున్నర బస్సుకే బయటపడేదాన్ని. ఈస్టుకి ఆదివారాలు లేవు. మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి మైక్రోస్కోపు కింద దాని కణాలు లెక్కపెట్టాలి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం ఆ లెక్కల వల్లే మానేశాను. నిజం చెప్పొద్దూ, కొన్నిటికి ఆ లెక్కలు మంచి సాకు కూడా.

పని ఇది. వైన్ చేసేవాళ్ళు వాడే ఈస్టు బజార్లో దొరుకుతుంది. సన్నటి గోధుమరంగు పలుకులు, వెండిరంగు ప్యాకెట్లో వస్తాయి. గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే పావుగంటలో నురగ కడుతుంది. పండ్ల రసంలో పోస్తే చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. రెండో రకం అడవి ఈస్టు. అంటే అడవిలో ఉండేది కాదు. ఎవరూ పెంచకుండా దానంతటది పండు తొక్క మీద, ముచ్చిక దగ్గర, కింద రాలి పగిలిన పండులో బతికేది. దాన్ని పట్టుకొచ్చి, పోషకాలు పోసిన గాజు ప్లేట్ల మీద పెంచి, ఒక్కో రకాన్నీ విడదీసి, ప్యాకెట్ ఈస్టుతో పోటీకి దింపాలి. ఏది ఎక్కువ చక్కెర తింటుంది, ఏది ఎంత ఆల్కహాల్‌కి తట్టుకుంటుంది, దేని వైన్ వాసన బాగుంటుంది అని చూడాలి.

మన చిన్న రసం మామిడిపండు మీద పుట్టిన ఈస్టే ప్యాకెట్ ఈస్టుని ఓడించాలని మా గైడు ఆశ. సార్ మంచి మనిషి. కోపం వస్తే కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు, అంతకు మించి ఏమీ అనేవారు కాదు. నా ఆరో ఏడు జూన్ ఆఖరుకి ఆయన రిటైర్మెంట్. ఈలోపు ఒక్కటంటే ఒక్క నాటు ఈస్టుని లోకానికి చూపించి వెళ్ళాలని ఆయన పట్టుదల. నేను చేరిన మొదటిరోజే ఆ సంగతి నాకు చెప్పారు.

మొదటి సీజనంతా ప్యాకెట్ ఈస్టుతోనే గడిచింది. పోల్చాలంటే ముందు దాని లెక్కలు చేతిలో ఉండాలి కదా. పెద్ద పెద్ద గాజు జాడీల్లో రసం పులిసి, వైన్ పైకి తేరాక, అడుగున చిక్కటి మడ్డి మిగిలేది. ఆ మడ్డి అంతా ఈస్టే. దాన్ని ఊరికే పారబోయకూడదు. ఆటోక్లేవ్‌లో పెట్టి, అంటే ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్న లాంటి మిషన్‌లో ఉడికించి, పూర్తిగా చంపాకే బయటికి పంపాలి. ఇది ల్యాబులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ మొదట నేర్పే నియమం. నాకూ నేర్పారు. ఆ జులైలో ఆటోక్లేవ్ మూత లోపలి రబ్బరు రింగు తెగిపోయింది. కొత్తదానికి కాగితం పెట్టాను. ఆ కాగితం ఏ బల్ల మీద పడుకుందో గానీ రింగు మాత్రం రాలేదు. మడ్డి బకెట్లు గోడ పొడవునా పేరుకున్నాయి, ఈగలు ముసిరాయి.

ల్యాబు ఊడ్చే ఆవిడ ఒకరోజు చీపురు పక్కన పెట్టి ఆ బకెట్లలోకి తొంగిచూసింది. ఆవిడ బాపులపాడు అవతల ఒక మామిడి తోటలో ఉండేది. భర్త ఆ తోటకి కాపలా. తోటలోనే వాళ్ళ పాక, ఒక గేదె, పండ్లు మాగేసే కొట్టం. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. అయినా ఆవిడ నన్ను మీరు అనేది, నేను ఆవిడని నువ్వు అనేదాన్ని. అప్పట్లో అందులో తప్పేమీ కనిపించలేదు నాకు.

"ఇదేంటమ్మా, తియ్యటి వాసనొస్తంది?"

"మడ్డి. పారబోయాలి. మిషన్ పాడైంది."

"పారబోసేదానికి మిషనెందుకండి? నాకిచ్చెయ్యండి, మా గేదెకి పోసుకుంటా. తవుడు రేటు చూస్తన్నారుగా."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఇది విషం కాదు, రోగం కాదు, ఇడ్లీ పిండిలో ఉండేలాంటిదే కదా అనుకున్నాను. బకెట్లు ఖాళీ అయితే చాలనిపించింది. "తీసుకెళ్ళు. ఎవరికీ చెప్పకు" అన్నాను. ఆ రెండో వాక్యం అన్నానంటే తప్పని నాకు తెలుసన్నమాటే. సాయంత్రం ఆవిడ భర్త మోపెడ్ మీద వచ్చి పెయింటు డబ్బాల్లో మడ్డి నింపుకుని వెళ్ళాడు. వారం తర్వాత గేదె ఎలా ఉందని అడిగాను.

"రెండు రోజులు కాస్త తూలినట్టుందండి. ఇప్పుడు అలవాటైపోయింది. డబ్బా కనపడితే చాలు, తాడు తెంపుకుంటంది."

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆటోక్లేవ్ రింగు వచ్చేదాకా, అంటే దాదాపు ఏడాది పాటు, మడ్డి అంతా ఆ గేదెకే వెళ్ళింది.

రెండో సీజన్లో అడవి ఈస్టుల వేట మొదలైంది. చుట్టుపక్కల తోటల నుంచి పండ్లు తెచ్చి, తొక్కలు కడిగి, ఆ నీళ్ళు ప్లేట్ల మీద పోసి పెంచేదాన్ని. రకరకాలు వచ్చేవి. రసంలో వేసిన మొదటి రెండు రోజులు మహా హుషారు చేసేవి. మూడోరోజు ఆల్కహాల్ కాస్త పెరగగానే తేలిపోయేవి. ఒకదాని వైన్ గోళ్ళరంగు వాసన, ఇంకోదాని వైన్ కుళ్ళిన గుడ్డు వాసన. విసుగెత్తి వాటికి మా చుట్టాల పేర్లు పెట్టుకున్నాను. ఎవరెవరివో చెప్పను. సార్ ప్రతి సోమవారం వచ్చి సీసాలు ఒక్కొక్కటే వాసన చూసి, కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయేవారు.

సీజన్ చివర్లో ఊడ్చే ఆవిడ ఒక సంచీలో చిన్న రసాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మా కొట్టంలో మాగేసినయ్యమ్మా. గడ్డిలో మాగితే ఆ రుచే వేరు" అంది. పండ్లతో పాటు నాలుగు గడ్డిపోచలు కూడా సంచీలో ఉన్నాయి. పండ్లు తిన్నాను. గడ్డి కడిగి ఆ నీళ్ళు ప్లేట్ మీద పోశాను. ఊరికే, చేతిలో ఒక ప్లేట్ మిగిలింది కాబట్టి.

అందులోంచి వచ్చిన ఈస్టు మూడోరోజు తేలిపోలేదు. అయిదో రోజూ పనిచేస్తోంది. పదో రోజుకి రసంలో చక్కెర అంతా తినేసి ప్యాకెట్ ఈస్టు పక్కన సరిసమానంగా నిలబడింది. వాసన కూడా శుభ్రంగా ఉంది. సార్‌కి ఫోన్ చేస్తే ఆదివారం మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి వచ్చారు. వాసన చూశారు. మళ్ళీ చూశారు. ఊడ్చే ఆవిడని పిలిపించి "అమ్మా, మేము తోటలన్నీ గాలించాం. చివరికి నీ గడ్డిలో దొరికింది" అన్నారు. ఆవిడకి ఏమర్థమైందో తెలియదు గానీ మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి దాన్ని "మా గడ్డిలోది" అనేది. సీసాల బీరువా తుడిచేటప్పుడు "మా గడ్డిలోది ఎలా ఉందమ్మా?" అని అడిగేది.

ఆ తర్వాత మూడేళ్ళు నేను ఆ గడ్డి ఈస్టు తప్ప వేరే ఏదీ చూడలేదు. వేడికి ఎంత తట్టుకుంటుంది, చల్లదనానికి ఎంత, ఏ పండు రసం దానికి ఇష్టం, అన్నీ రాశాను. థీసిస్‌లో నాలుగు చాప్టర్లు దాని మీదే. అది ప్యాకెట్ ఈస్టు జాతిదేనని పరీక్షలో తేలినా మేం ఆశ్చర్యపోలేదు, ఒకే జాతిలో బోలెడు రకాలుంటాయి. రకం ఏదో తేల్చే డిఎన్ఏ పరీక్ష మాత్రం ఆరో ఏడు దాకా వాయిదా పడింది. దానికి కావలసిన సామాను అప్పటికి గానీ రాలేదు.

ఆ పరీక్షలో ఈస్టు డిఎన్ఏ ఒక జెల్ మీద అడ్డగీతలుగా కనపడుతుంది. ఎవరి గీతలు వాళ్ళవి. గడ్డి ఈస్టుని, ఇంకో అయిదు అడవి ఈస్టుల్ని ఎక్కించాను. చివర ఒక గడి ఖాళీగా ఉంటే ప్యాకెట్ ఈస్టుని పెట్టాను. లైటు వేసి చూస్తే గడ్డి ఈస్టు గీతలు, ప్యాకెట్ ఈస్టు గీతలు ఒక్కటే. ఒక్క గీత తేడా లేదు. గడులు తారుమారు చేసుంటానని మళ్ళీ చేశాను. మూడోసారీ చేశాను. మూడోసారి చేస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది.

మర్నాడు ఆవిడ గది తుడుస్తుంటే మామూలుగా అడిగినట్టు అడిగాను. "అప్పట్లో మడ్డి తీసుకెళ్ళేదానివి కదా. గేదెకి ఎలా పెట్టేదానివి?"

"కుడితిలో కలిపేదాన్నమ్మా. ఎండుగడ్డి తిననని మొరాయిస్తే గడ్డి మీద చిలకరించేదాన్ని. అప్పుడు బాగా తినేది."

"తినగా మిగిలిన గడ్డి?"

"పారేత్తామా ఏంటి? ఆరబెట్టి కొట్టంలో పండ్ల మాగుడుకి పరిచేదాన్ని. ఎందుకమ్మా?"

"ఊరికే" అన్నాను.

మూడేళ్ళుగా నేను పోల్చుతున్నది ప్యాకెట్ ఈస్టుని ప్యాకెట్ ఈస్టుతోనే. నేనే నా చేత్తో బయటికి పంపాను, నేనే పట్టుకొచ్చి అడవిదని పేరు పెట్టాను. థీసిస్ ఇవ్వడానికి ఇక అయిదు వారాలే గడువు. గడువు పెంపు అప్పటికే ఒకసారి వాడేసుకున్నాను. సార్ వెళ్ళిపోతే కొత్త గైడు కింద మొదటి నుంచీ మొదలుపెట్టాలి. నాకప్పటికి ముప్పై మూడేళ్ళు. ఇంకో ఆరేళ్ళు ఆ గదిలో కూర్చోవడం నా వల్ల కాదు. ఆ వారమంతా కిటికీ మూసినా తెరిచినా ఊపిరాడనట్టే ఉండేది. నాకు భయంగా ఉండేది, దాన్ని మించి సిగ్గుగా ఉండేది.

ఆ శుక్రవారం సార్‌కి అంతా చెప్పేశాను. జెల్ ఫోటోలు ముందు పెట్టాను. మడ్డి ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీశారు గానీ తుడుచుకోలేదు, బల్ల మీద పెట్టేశారు. అలా పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

సోమవారం పిలిచారు. వెలిగే మొహంతో ఉన్నారు.

"చూడమ్మా, మనం అబద్ధం రాయొద్దు. ఉన్నది ఉన్నట్టే రాద్దాం. ప్యాకెట్ ఈస్టు ల్యాబు దాటి వెళ్ళి, నెలల తరబడి బయట బతికి, మామిడి కొట్టంలో కాపురం పెట్టింది. అడవి ఈస్టు అని మనం నమ్మేవాటిలో ఎన్ని నిజంగా అడవివో ఎవరికి తెలుసు? అసలు సంగతి అదే. నువ్వు అనుకున్న థీసిస్ కంటే ఇదే మంచి థీసిస్."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడాయన ఒక కాగితం నా వైపు జరిపారు. ఆయన రాసిన పేరా అది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది. పారిశుధ్య సిబ్బంది అజాగ్రత్త వల్ల ల్యాబు వ్యర్థాలు బయటికి వెళ్ళాయి.

"సార్, ఇచ్చింది నేను కదండీ."

"నువ్వని రాస్తే కమిటీ ఆపేస్తుంది. బతికున్న ఈస్టు కల్చర్‌ని రీసెర్చ్ స్కాలరే బయటికి పంపిందంటే నీ సంతకానికి విలువ ఉండదు, నాకూ ఉండదు. సిబ్బంది అంటే ఎవరమ్మా? అందరూ. ఎవరూ కాదు."

ల్యాబులో ఊడ్చేది ఒక్క మనిషే. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయనా నాతో పాటే ఇరుక్కున్నారు. తేడా ఏంటంటే ఆయనకి బయటికి దారి కనపడింది, ఆ దారి ఇంకొకరి మీదుగా వెళ్తుందని నాకు కనపడింది. కనపడీ నేను ఆ వాక్యాన్ని నా చేతుల్తో టైపు చేశాను. కింద సంతకం పెట్టాను. పెట్టేటప్పుడు చెయ్యి వణికిందని రాసుకుంటే కాస్త మంచిదాన్నని అనిపిస్తుంది. వణకలేదు.

థీసిస్‌ని అందరూ మెచ్చుకున్నారు. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు గడ్డి సంగతి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. సార్ దండ వేయించుకుని, కళ్ళు తుడుచుకుని రిటైరయ్యారు. నేను వేరే ఊళ్ళో కాలేజీలో చేరి జంక్షన్ నుంచి రోజూ వెళ్ళొస్తున్నాను. ఇప్పుడు నా పేరు ముందు డాక్టర్ ఉంది. ఊడ్చే ఆవిడని పనిలోంచి తీసేశారని మూడు నెలల తర్వాత తెలిసింది. థీసిస్ కాపీ మేనేజ్‌మెంట్‌లో ఎవరో చదివారట. ఆ వాక్యం దగ్గర ఆగి, సిబ్బంది అంటే ఎవరు అని అడిగారట.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ మా ఇంటికి వచ్చింది. వరండా మెట్టు మీదే కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు. పిండి మరలో పని దొరికిందట గానీ పొడి పడక దగ్గొస్తోందట. నా ఉద్యోగం గురించి అడిగింది, సంతోషించింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ రోజు ఆఫీసులో కూర్చోబెట్టి అడిగారమ్మా, మడ్డి ఎవరిచ్చారని. నేనే తీసుకున్నానని చెప్పాను. మీ పేరెత్తలేదు. ఆరేళ్ళు ఆ గదిలో పడి చదివారు, నా మూలంగా పాడవకూడదని."

ఆవిడకి అంతా తెలుసు. నేను సంతకం పెట్టిన కాగితం గురించి తెలియకపోవచ్చు గానీ, ఎవరి తప్పో మొదటి నుంచీ తెలుసు.

"ఇప్పుడు మీకు పట్టా వచ్చేసింది కదమ్మా. ఇంక పర్వాలేదు కదా. మీరొచ్చి ఒక్క మాట, ఇచ్చింది నేనేనని చెప్తే నన్ను మళ్ళీ తీసుకుంటారండి. పెద్ద చదువు చదివినోళ్ళు, మిమ్మల్నేమీ అనరు."

వచ్చిన పట్టాని వెనక్కి తీసుకునే వీలుంటుందని, నేనిప్పుడు నోరు విప్పితే థీసిస్‌లో నా సంతకం కింద ఉన్న వాక్యం అబద్ధమవుతుందని, చేస్తున్న ఉద్యోగం కూడా పోవచ్చని ఆవిడకి ఎలా చెప్పాలి? చెప్తే ఆవిడ నన్నే ఓదార్చేది. అది నేను భరించలేననిపించింది. "ఆలోచించి చెప్తాను" అన్నాను.

"అలాగేనమ్మా. వచ్చే ఆదివారం వస్తాను" అని లేచింది.

ఆ తర్వాతి ఆదివారం అదే వేళకి గేటు చప్పుడైంది. నేను వంటింట్లో ఉన్నాను. "లేనని చెప్పు" అన్నాను మా అమ్మతో. అమ్మ నా మొహం ఒకసారి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళి, "అమ్మాయి ఊళ్ళో లేదమ్మా" అంది. తలుపు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా చెప్పులు వరండాలోనే ఉన్నాయి. ఆవిడకి అవి కనపడకుండా ఉండే వీల్లేదు.

"పర్లేదండి" అంది ఆవిడ గొంతు. "పనుల్లో ఉంటారు. నేనొచ్చానని మాత్రం చెప్పకండి, ఊరికే బాధపడతారు."

ఆవిడ మళ్ళీ రాలేదు. ఇది జరిగి రెండు మామిడి సీజన్లు దాటింది. బాపులపాడు అవతల ఆ తోట మా ఇంటికి ఆటోలో పావుగంట. నేను ఇంతవరకూ వెళ్ళలేదు.